ఇంటి బండి: క్లచ్చి, బ్రేకు

కుట్టుమిషను చప్పుడు మారినచో సూది చెడినదో, పట్టీ వదులైనదో గృహిణి వెంటనే గ్రహించును. వాకిట నిలిచియున్న మోటారుసైకిలు విషయమున మాత్రము అది మగవారి పనియని యూరకుండుట మన యిండ్లలో పరిపాటి. బందరునుండి గుడివాడకును, అవనిగడ్డనుండి నాగాయలంకకును భర్త వెనుకనో కుమారుని వెనుకనో కూర్చుండి పోవు సోదరీమణు లెందరో కలరు. తామే స్కూటరు నడుపువారును నానాట హెచ్చుచున్నారు. బ్రేకు పట్టనిచో ముందు కూర్చున్నవారును వెనుక కూర్చున్నవారును కలిసియే పడుదురు. కావున ఈ నెల ఈ విషయము వ్రాయుచున్నాము.

ఇంజను బలమును చక్రమున కందించుటకును, కావలసినపుడు దానిని విడదీయుటకును క్లచ్చి యేర్పడినది. లోపల రాపిడి పలకలును ఇనుప పలకలును ఒకదాని ప్రక్క నొకటి చేరి, స్ప్రింగుల బిగువున కరచుకొని యుండును. ఎడమచేతి పిడి నొక్కగా తీగ లాగబడి అవి వదులగును. దీనికి వచ్చు జబ్బులు ముఖ్యముగా రెండు. అవి యొకదానికొకటి విరుద్ధములు. ఒకదానికి చేయవలసిన చికిత్స రెండవదానికి చేసినచో రోగము ముదురును.

మొదటిది జారుట. ఇంజను హోరు పెరుగును గాని బండి వేగము దానికి తగినట్లు పెరుగదు. కొన్నిసమయములందు మాడిన వాసనయు వచ్చును. మన సీమ పళ్లెమువలె చదునైనది గనుక ఈ దోషము చాలకాలము దాగియుండును. ఇద్దరు కూర్చుండి, ధాన్యపు బస్తా నడుమ నుంచుకొని, కృష్ణ కరకట్ట యెక్కునపుడో పులిగడ్డ వంతెన దారి నెక్కునపుడో బయటపడును. వెనుక కూర్చున్నవారికే ఆ హోరు స్పష్టముగా వినబడుననియు, నడుపువారు దానిని బరువుపై త్రోయుదురనియు మా యభిప్రాయము. ఇట్లయినపుడు మొదట తీగను చూడవలెను. పెక్కు బండ్లలో పిడి కొసయొద్ద 10 మొదలు 20 మిల్లీమీటర్ల వరకు వదులు ఉండవలెను. అది లేక తీగ బిగిసియున్నచో, పిడిని ముట్టకున్నను క్లచ్చి సగము నొక్కినట్లే యుండి పలకలు అరిగిపోవును. వదులు సరిగానున్నను జారినచో పలకలు అరిగియైనను, స్ప్రింగులు బలము తగ్గియైనను ఉండును. కారునకు వాడు నూనె పోసినను జారవచ్చును. ఆ నూనెలలో కొన్నిటియందు రాపిడిని తగ్గించు ద్రవ్యములు కలవు. మోటారుసైకిలు నూనె డబ్బాపై ‘జాసో ఎం.ఏ.’ అను గుర్తు చూచి కొనవలెను.

రెండవది విడువకుండుట. పిడి పూర్తిగా నొక్కినను బండి ముందుకు లాగును, గేరు కరకరలాడుచు పడును, న్యూట్రలు దొరకదు. ఇచ్చట తీగ మరీ వదులై యుండుట సాధారణ కారణము. జారు బండికి తీగ వదులు చేయవలెను, విడువని బండికి బిగింపవలెను. “క్లచ్చి బాగుగా లేదు” అని మాత్రము చెప్పి పంపినచో మెకానిక్కు ఏమి చేయగలడు? పై రెండిటిలో ఏది కనబడినదో చెప్పి పంపవలెను. బందరు, కోడూరు ప్రాంతముల ఉప్పుగాలికి తీగలు త్రుప్పుపట్టి పోగులు తెగుచుండును. పిడి బిగువుగా, గరగరలాడుచు కదలినచో తీగను మార్చుటయే మేలు.

క్లచ్చి చెడినచో బండి దారిలో నిలిచిపోవును, అంతే. బ్రేకు సంగతి వేరు. డ్రమ్ము బ్రేకు గల చక్రమునొద్ద పెక్కు బండ్లలో చిన్న బాణపు గుర్తు కలదు. బ్రేకు నొక్కినపుడు ఆ బాణము డ్రమ్ముపై గీచిన హద్దును చేరినచో, షూల లైనింగు అరిగినదని యర్థము. ఇక మర బిగించుచు కాలక్షేపము చేయరాదు. వర్షమున కాలువగట్టు దారిలో నీరు దాటిన పిమ్మట డ్రమ్ము తడిసి బ్రేకు పట్టదు. మెల్లగా పోవుచు తేలికగా నొక్కుచు ఆరబెట్టవలెను. కోతలనాడు రోడ్డుపై ఆరబోసిన ధాన్యము మీద ఎంత మంచి బ్రేకైనను చక్రము జారును. అది బండి దోషము కాదు.

డిస్కు బ్రేకు పిడి దూదివలె మెత్తగా లోనికి పోయినచో గొట్టములో గాలి చేరినది. దానిలోని ద్రవము తేమను పీల్చును గనుక సుమారు రెండేండ్ల కొకసారి మార్చవలెను. ద్రవము తగ్గినచో ప్యాడ్లు అరిగియైనను, ఎచ్చటనో కారుచునైనను ఉండును. కారణ మరయక పైన పోసి యూరకుండరాదు. ఇనుము ఇనుమును రాచు కీచుధ్వని వినబడినచో ఆనాడే మార్పించవలెను.

బ్రేకు బిగించి తెచ్చిన తరువాత నడిమి స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, చక్రమును చేతితో త్రిప్పి చూడుడు. ధారాళముగా తిరుగనిచో బిగువు హెచ్చినది. అట్లే పోయినచో డ్రమ్ము వేడెక్కి లైనింగు మాడిపోవును.

స్కూటరు నడుపు సోదరీమణులు ఒకటి గుర్తింపవలెను. స్కూటరునకు క్లచ్చి తనంతట పనిచేయును. ఎడమచేతి పిడి బ్రేకు. మోటారుసైకిలునకు ఎడమచేతి పిడి క్లచ్చి. అవసరమున ఇంటి మోటారుసైకిలు తీసి, గేదె యడ్డువచ్చినపుడు అలవాటుచొప్పున ఎడమ పిడి మాత్రమే నొక్కినచో, ఇంజను విడిపోయి బండి ఆగక దొర్లిపోవును. ముందుగా ఖాళీ స్థలమున కుడిచేతి, కుడికాలి బ్రేకులను అలవరచుకొనవలెను. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి.కి మించిన కొత్త బండ్లకు చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. నిర్బంధమైనది, అంతకు తక్కువ వానికి అదియో, రెండు చక్రములకు కలిసి బ్రేకు పట్టు ఏర్పాటో ఉండవలెను. అరిగిన లైనింగునకు ఇవి బదులు కావు.

షూలు మార్పించునపుడు పాతవానిని అడిగి చూడవలెను. గొలుసు నూనె వానిపై పడినట్లున్నచో, క్రొత్తవానికిని అదే గతి పట్టకుండ డ్రమ్మును తుడిపింపవలెను. కొన్ని లైనింగులలో రాతినార యుండును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. నోటితో ఊదనీయరాదు, పిల్లలను దగ్గర నిలువనీయరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారవేయవలెను. ఉదికి వంటింటిలోనికి తేవలదు.