రెండు బులెట్లు, ఒకే దారి: వేగం వార్తలను ఎంతవరకు నమ్మాలి?

మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా మీదుగా రెండు రకాల బులెట్లు ప్రయాణించాయి. మొదటిది ముంబయి-అహ్మదాబాద్ బులెట్ రైలు. దాని పన్నెండు స్టేషన్లలో విరార్, బోయిసర్ ఈ జిల్లాలోనివే. ఆ రైలు ఇంకా నడవలేదు, కానీ వార్తల్లో ఏళ్ల తరబడి పరుగులు తీస్తూనే ఉంది. రెండవది తుపాకీ తూటా. 2023 జూలై 31 తెల్లవారుజామున జైపూర్-ముంబయి సూపర్‌ఫాస్ట్ ఎక్స్‌ప్రెస్ పాల్ఘర్ పరిసరాలకు చేరిన వేళ, ప్రయాణికుల భద్రత కోసం ఎక్కిన రైల్వే రక్షక దళం కానిస్టేబుల్ తన పై అధికారినీ, ముగ్గురు ప్రయాణికులనూ కాల్చి చంపాడన్నది అభియోగం. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ వాసి.

వార్తల డెస్క్ మీద మూడు దశాబ్దాలుగా కూర్చుంటున్నవాడిగా ఒక విషయం ఒప్పుకోవాలి. మొదటి రకం బులెట్‌కు మేము ఇచ్చిన వార్తా సమయంలో పదో వంతు కూడా రెండో రకానికి ఇవ్వలేదు. మొదటిదానికి శంకుస్థాపన ఉంది, నమూనా చిత్రం ఉంది, తారీఖు ఉంది. రెండోదానికి ఉన్నవి ప్రాథమిక సమాచార నివేదిక, అభియోగపత్రం, వాయిదాలు. వాయిదాను బులెటిన్‌లో ఎవరు చదువుతారు?

తారీఖు ఎప్పుడూ ముందుకే

2017 సెప్టెంబరు 14న అహ్మదాబాద్‌లోని సబర్మతి వద్ద భారత, జపాన్ ప్రధానమంత్రులు ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. పొడవు 508 కిలోమీటర్లు. అంచనా వ్యయం దాదాపు 1.08 లక్షల కోట్ల రూపాయలు. అందులో 81 శాతం జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ రుణం. వడ్డీ 0.1 శాతం, చెల్లింపు గడువు 50 ఏళ్లు, మొదటి 15 ఏళ్లు అసలు కట్టనక్కర్లేదు. ఇంత తక్కువ వడ్డీ అంటే డబ్బు ఉచితంగా వచ్చినట్టేనని ఆనాడు విస్తృతంగా ప్రచారం జరిగింది. అప్పు యెన్‌లలో ఉంటుందనీ, తీర్చే నాటికి రూపాయి విలువ ఎంత ఉంటుందన్నదే అసలు వడ్డీ అనీ వివరించే వ్యాఖ్యలు మాత్రం లోపలి పేజీల్లో మిగిలిపోయాయి.

2022 ఆగస్టు 15 నాటికి రైలు నడుస్తుందని మొదట విన్నాం. అధికారిక గడువు 2023 డిసెంబరు అన్నారు. తర్వాత 2026 అన్నారు. ఇప్పుడు 2027 ఆగస్టులో సూరత్-బిలిమోరా మధ్య తొలి విభాగం ప్రారంభమవుతుందని చెబుతున్నారు. వ్యయం రెండు లక్షల కోట్ల రూపాయలకు చేరువైందని రైల్వే వర్గాలే అంగీకరించాయి. మొదటి నుంచీ మనకు వినిపించిన వేగం గంటకు 320 కిలోమీటర్లు. 2024 అక్టోబరులో బెంగళూరుకు చెందిన బీఈఎంఎల్‌కు ఇచ్చిన రెండు రైళ్ల ఆర్డరులో మాత్రం రూపకల్పన వేగం 280. స్వదేశంలో తయారుచేయడం మంచి విషయమే, దానితో పేచీ లేదు. కానీ 320 అన్న అంకె శీర్షికలో వచ్చింది, 280 అన్న అంకె వార్త చివరి పేరాలో వచ్చింది.

ఆలస్యానికి కారణాలు లేకపోలేదు. పాల్ఘర్ ఆదివాసీ గ్రామాల్లో భూసేకరణకు తీవ్ర ప్రతిఘటన ఎదురైంది. విఖ్రోలీలో ఒక పెద్ద పారిశ్రామిక సంస్థ భూమిపై నడిచిన వివాదం 2023 ఫిబ్రవరిలో గాని బొంబాయి హైకోర్టులో తేలలేదు. ముంబయి నుంచి శిల్‌ఫాటా దాకా 21 కిలోమీటర్ల సొరంగం తవ్వాలి. అందులో ఏడు కిలోమీటర్లు ఠాణే కడలిపాయ కింద సాగుతుంది. ఇవన్నీ నిజమైన కష్టాలు. అయితే వీటిలో 2017లో ఊహకు అందనిది ఏది? సముద్రపు పాయ అప్పుడూ అక్కడే ఉంది.

జపాన్‌తో పోల్చి మనల్ని మనం తక్కువ చేసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ల కథ కూడా అంత నున్నగా లేదు. టోక్యో-ఒసాకా మార్గం 515 కిలోమీటర్లు, మన మార్గానికి దాదాపు సమానం. 1959లో పనులు మొదలై 1964 అక్టోబరు 1న రైలు నడిచింది. ఖర్చు తొలి అంచనాకు ఇంచుమించు రెట్టింపయింది. ఆ కారణంగానే జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజీ సోగో, ప్రధాన ఇంజనీరు హిదెయో షిమా 1963లో పదవులు వదులుకున్నారు. ప్రారంభోత్సవం నాటికి ఆ ఇద్దరూ పదవుల్లో లేరు. ఖర్చు పెరగడంలో మనం జపాన్‌ను అందుకున్నాం, ఆ రెండో విషయంలో మాత్రం అందుకోలేదు.

తుపాకీ ఎవరిది, బాధ్యత ఎవరిది

ఇక రెండో బులెట్ సంగతి. మన రైళ్లలో పోలీసు వ్యవస్థ ఒకటి కాదు, రెండు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసులు, రైల్వే పోలీసులతో సహా, రాష్ట్రాల జాబితాలోకి వస్తారు. నేరాల నమోదు, దర్యాప్తు చేసే ప్రభుత్వ రైల్వే పోలీసులు (మనం జీఆర్పీ అంటాం) రాష్ట్ర ప్రభుత్వానికి జవాబుదారులు. వారి ఖర్చులో సగం రైల్వే భరిస్తుంది. 1957 చట్టంతో ఏర్పడిన రైల్వే రక్షక దళం (ఆర్పీఎఫ్) కేంద్రానిది. మొదట దాని పని రైల్వే ఆస్తిని కాపాడటం. 1985లో దాన్ని కేంద్ర సాయుధ దళంగా మార్చారు. 2003 సవరణతో ప్రయాణికుల రక్షణ కూడా దాని విధుల్లో చేరింది. ఇనుప పట్టాలు, బొగ్గు కాపలా కాయడానికి పుట్టిన దళం చేతికి మనుషులను అప్పగించామన్నమాట.

జైపూర్-ముంబయి రైలులో ఆ కానిస్టేబుల్ ఆటోమేటిక్ తుపాకీతో విధుల్లో ఉన్నాడు. తనకు ఒంట్లో బాగాలేదని, విధుల నుంచి విడిచిపెట్టమని ఆ రాత్రే అడిగినట్టు తోటి కానిస్టేబుల్ ఫిర్యాదులో చెప్పాడు. నిద్రపోతున్న ప్రయాణికులతో నిండిన ఏసీ పెట్టెల మధ్య నడవడానికి ఒక గస్తీ సిబ్బందికి అలాంటి ఆయుధం ఎందుకు? చనిపోయిన ముగ్గురు ప్రయాణికులూ ముస్లింలే కావడం, కాల్పుల తర్వాత నిందితుడు మాట్లాడిన మాటల వీడియో ప్రచారంలోకి రావడంతో మతాల మధ్య వైరం రెచ్చగొట్టిన సెక్షన్ కూడా కేసులో చేరింది. రెండు రోజులు గడిచేలోగా రైల్వే శాఖ నుంచి ఒక పత్రికా ప్రకటన వెలువడింది. నిందితుడి మానసిక అనారోగ్యం గురించి అధికారిక రికార్డుల్లో లేదని, అతడూ కుటుంబమూ దాచిపెట్టారని దాని సారాంశం. దర్యాప్తు సాగుతున్నదంటూ ఆ ప్రకటనను వెనువెంటనే ఉపసంహరించుకున్నారు. వెలువడిన ప్రకటన పతాక శీర్షిక అయింది, ఉపసంహరణ మాత్రం అంతగా కనపడలేదు. ‘మతిస్థిమితం లేని కానిస్టేబుల్’ అన్న మాట జనం నోళ్లలో స్థిరపడిపోయింది. అతడి మానసిక స్థితి ఏమిటో తేల్చవలసింది న్యాయస్థానం. దాన్ని పత్రికా ప్రకటన తేల్చేసింది.

కొంచెం వెనక్కి వెళితే 2022 జూన్ 17. అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా సైనిక ఉద్యోగార్థులు సికింద్రాబాద్ స్టేషన్‌లోకి చొచ్చుకువచ్చి పెట్టెలకు నిప్పు పెట్టారు. రైల్వే భద్రతా సిబ్బంది కాల్పుల్లో వరంగల్ ప్రాంతానికి చెందిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు, పలువురు గాయపడ్డారు. ఆ రోజు విధ్వంసం నిజం. తగలబడిన పెట్టెల దృశ్యాలను గంటల కొద్దీ చూపించాం. మంటలార్పే ఏర్పాట్లు, బాష్పవాయువు, జనాన్ని అడ్డుకునే బలగం చాలినంత ఉన్నాయా, లేకుంటే ఎందుకు లేవన్న ప్రశ్నను ఎన్ని గంటలు చర్చించాం? సైన్యంలో చేరి తుపాకీ పట్టాలనుకున్న కుర్రవాళ్ల మీద తుపాకీ పేలిన రోజు అది. ఆ మాట నా సహోద్యోగి ఒకరు ఆ సాయంత్రం అన్నారు. బులెటిన్‌లో చేర్చడానికి మాత్రం మేమెవరమూ సాహసించలేదు.

రైళ్ల వార్తల్లో తప్పు ఎప్పుడూ నిచ్చెన చివరి మెట్టు మీదే ఆగుతుంది. 2023 అక్టోబరు 29 సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద పలాస పాసింజరును వెనుక నుంచి రాయగడ పాసింజరు ఢీకొన్నప్పుడు పద్నాలుగు మంది చనిపోయారు. లోకోపైలట్, సహాయకుడు క్రికెట్ చూస్తూ పరధ్యానంలో ఉన్నారని కొన్ని నెలల తర్వాత రైల్వే మంత్రి చెప్పారు. ఆ ఇద్దరూ ఆ ప్రమాదంలోనే మరణించారు కనుక సమాధానం చెప్పుకునే అవకాశం లేదు. ఎదురెదురుగా లేదా వెనుక నుంచి రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థ ప్రయోగాలకు వేదిక దక్షిణ మధ్య రైల్వే. దేశంలో మొట్టమొదట 1,465 కిలోమీటర్ల మేర అది అమర్చింది ఈ జోన్‌లోనే. విజయనగరం దారిలో అది లేదు. 1956లో మహబూబ్‌నగర్ ప్రమాదం తర్వాత రాజీనామా ఇవ్వజూపి, తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తర్వాత నిజంగానే పదవి వదిలిన లాల్ బహదూర్ శాస్త్రి పేరును ప్రతి ప్రమాదం నాడూ తలచుకుంటాం. తలచుకోవడం తేలిక.

వేగం ఎక్కడ పోతుంది

భద్రతకూ వేగానికీ ఉన్న సంబంధం గురించి మన చర్చల్లో దాదాపు వినిపించదు. జపాన్ బులెట్ రైళ్లలో పట్టాలు తప్పడం వల్లగానీ, ఢీకొనడం వల్లగానీ ఇప్పటిదాకా ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. అయితే మనుషుల చేతుల్లో చనిపోయారు. 2015 జూన్ 30న ఒక వృద్ధుడు రైలులో నిప్పంటించుకోగా అతడితోపాటు ఒక ప్రయాణికురాలూ మరణించింది. 2018 జూన్‌లో మరో వ్యక్తి కత్తితో దాడికి దిగితే, మహిళలను కాపాడబోయిన ప్రయాణికుడు బలయ్యాడు. ఆ తర్వాత సామాను తనిఖీ చేసే అధికారాన్ని సిబ్బందికి ఇచ్చారు. కానీ ప్రతి ప్రయాణికుణ్ణీ వరుసలో నిలబెట్టే పద్ధతికి జపాన్ వెళ్లలేదు. 2004 మార్చి మాడ్రిడ్ పేలుళ్లను చవిచూసిన స్పెయిన్, సామాను ఎక్స్‌రే యంత్రాలను పెట్టింది. చైనాలోనూ తనిఖీ తప్పదు.

మనం ఏ దారి పడతాం? ముంబయి నుంచి అహ్మదాబాద్‌కు కొద్ది స్టేషన్లలోనే ఆగే బండి రెండు గంటల ఏడు నిమిషాల్లో చేరుతుందని లెక్క చెబుతున్నారు. విమానాశ్రయంలో మాదిరి గంట ముందుగా రమ్మంటే ఆ లెక్కలో దాదాపు సగం అక్కడే హరించుకుపోతుంది. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో సాయంత్రం ఏడు గంటలకు సంచీ యంత్రంలో పెట్టి నిలబడిన వారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. సివిల్ ఇంజనీరు ఆదా చేసిన నిమిషాలను తనిఖీ వరుస తినేస్తే, రెండు లక్షల కోట్లు దేనికి పెట్టినట్టు?

ఇంకో కోణం ఉంది. 2023 జనవరిలో సికింద్రాబాద్-విశాఖపట్నం వందే భారత్ ప్రారంభానికి కొన్ని రోజుల ముందే విశాఖ కంచరపాలెం దగ్గర దాని అద్దాలు రాళ్ల దెబ్బకు పగిలాయి. తర్వాత కూడా ఇలాంటి ఘటనలు జరిగాయి. రాళ్లు విసిరితే ఐదేళ్ల జైలు అని అధికారులు హెచ్చరించారు. పట్టుబడిన వారిలో చిన్న పిల్లలు కూడా ఉన్నారని దక్షిణ మధ్య రైల్వే అధికారులే చెప్పారు. సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటే ఆ రైలు సగటు వేగం గంటకు 82 కిలోమీటర్లు. ‘సెమీ హైస్పీడ్’ అన్న మాటను మేము వందల సార్లు చదివాం, ఈ భాగహారం ఒక్కసారి చేయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

2026-27 కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ కారిడార్లను ప్రకటించారు. పుణె-హైదరాబాద్, హైదరాబాద్-బెంగళూరు, హైదరాబాద్-చెన్నై మార్గాలు వాటిలో ఉన్నాయి. తెలుగువారికి ఇది సంతోషం కలిగించే కబురే. స్టేషన్ ఎక్కడ కడతారు, మా ఊరి మీదుగా పోతుందా అన్న ప్రశ్నలు అప్పుడే మొదలయ్యాయి, భూమి ధరలు కూడా ఆ ప్రశ్నల వెంటే నడుస్తాయి. నా ప్రశ్న చిన్నది. నేడు హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్లే రాత్రి బండిలో సంచీ పోగొట్టుకున్న ప్రయాణికురాలు చెన్నైలో దిగి ఫిర్యాదు ఇస్తే, అక్కడ నమోదైన కాగితం నేరం జరిగిన చోటును బట్టి ఆంధ్రప్రదేశ్ జీఆర్పీకో తెలంగాణ జీఆర్పీకో బదిలీ కావాలి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రెండు రాష్ట్రాల సరిహద్దులు దాటే బండిలో ఆ చోటును ఎవరు నిర్ధారిస్తారు, ఆ కేసును ఎవరు పట్టించుకుంటారు, బండిలో గస్తీ తిరిగేది ఎవరి మనుషులు, వారి భుజాన ఏ ఆయుధం ఉంటుంది? ఈ కారిడార్ల సమగ్ర నివేదికలు బయటికి వచ్చిన రోజు నేను ముందుగా వెతికేది గరిష్ఠ వేగం ఉన్న పేజీని కాదు, ఈ నాలుగింటికి జవాబున్న పేజీని.