జల్లెడ లేని నేల

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ ఓ చిన్న ఊరు. జనాభా ఐదువేల లోపే. చుట్టూ పొలాలు, పశువుల కొట్టాలు. 2000వ సంవత్సరం మే రెండోవారంలో అక్కడ భారీవర్షాలు కురిశాయి. వాన వెలిసిన వారం తిరక్కుండానే ఊళ్లో కడుపునొప్పి, రక్తవిరేచనాలు. బడికి రాని పిల్లల సంఖ్య పెరిగిపోయింది. 'కుళాయి నీళ్లు మరగబెట్టకుండా తాగొద్దు' అని మే 21న ఆరోగ్యాధికారులు చెప్పేసరికే ఆలస్యమైపోయింది. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఏడుగురు చనిపోయారు.

ఆ నీళ్లలో ఉన్నది ప్రమాదకరమైన ఈ.కోలి బ్యాక్టీరియా. ఊరికి నీళ్లిచ్చే బావికి దగ్గర్లోని పొలంలో చల్లిన పశువుల ఎరువు నుంచి వచ్చింది. అయితే, విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్ 2002లో ఇచ్చిన నివేదికలో 'రైతు తప్పేమీ లేదు' అని తేల్చారు. అతను పద్ధతి ప్రకారమే సేద్యం చేశాడు. నీళ్లలో క్లోరిన్ సరిగా కలపని సిబ్బందినీ, పర్యవేక్షణ సరిగా లేని ప్రభుత్వ వ్యవస్థనూ ఆయన తప్పుపట్టారు.

మరి పొలంలోని ఎరువు బావిలోకి అంత సులువుగా ఎలా చేరింది? ఆ ఊరి కిందున్న రాయి వల్ల!

మామూలు నేలల్లో వాననీరు మట్టి, ఇసుక పొరల్లోంచి మెల్లగా ఇంకుతుంది. ఆ పొరలే జల్లెడలా మలినాల్ని పట్టేస్తాయి. సున్నపురాతి జాతి రాళ్లున్న చోట అలా కాదు. వాననీరు గాల్లోని, మట్టిలోని కార్బన్‌డయాక్సైడ్‌ని కలుపుకుని పలుచని ఆమ్లంలా మారుతుంది. వేల ఏళ్లపాటు రాతిని కరిగిస్తూ సందుల్ని సొరంగాలుగా మార్చేస్తుంది. ఇలాంటి నేలల్నే శాస్త్రవేత్తలు 'కార్‌స్ట్' అంటారు. ఇక్కడ నీరు ఇంకదు, పరుగెడుతుంది. వాకర్టన్‌లో తర్వాత జరిపిన పరీక్షల్లో భూగర్భజలం కంప్యూటర్ అంచనాల కన్నా పదుల రెట్లు వేగంగా కదులుతోందని తేలింది.

సూక్ష్మజీవులే కాదు, రసాయన ఎరువులదీ ఇదే దారి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 'బిగ్ స్ప్రింగ్' అనే పెద్ద ఊట ఉంది. దాని పరీవాహక ప్రాంతమంతా దాదాపు పొలాలే. అక్కడ ఎరువుల వాడకం పెరిగేకొద్దీ ఊటనీటిలో నైట్రేటు కూడా పెరుగుతూ వచ్చింది. 1980ల నాటికి దాదాపు మూడింతలైంది. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ నైట్రేటు పోదు. నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకు ఆ నీరు మరీ ప్రమాదం. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకుంటే పొరపాటే. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు చూసొచ్చారా? మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ సొరంగాల్ని తొలిచింది నీరే. లోపలి పాతాళగంగ దగ్గర ఆ నీటిని ఇప్పటికీ చూడొచ్చు. మనం ఇంట్లో పరుచుకునే బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు కూడా సున్నపురాళ్లే. కర్నూలు, కడప, పల్నాడు ప్రాంతాల్లో ఎన్నో ఊళ్లు ఆ రాతిమీదే ఉన్నాయి.

అలాంటి చోట కొన్ని జాగ్రత్తలు తప్పవు. పెంటకుప్ప, పురుగుమందు కలిపే చోటు, స్ప్రేయర్ కడిగే చోటు బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. నేల కుంగి ఏర్పడిన గుంతల్లో చెత్త, చచ్చిన పశువుల్ని వేయకూడదు. పెద్దవాన వచ్చేముందు ఎరువు చల్లకూడదు. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేస్తే ఖర్చూ కలిసొస్తుంది. తాగే బోరునీటిని ఏటా వానాకాలంలో పరీక్ష చేయించాలి. మన ప్రమాణాల ప్రకారం లీటరులో నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

వాకర్టన్ రైతు ఏ తప్పూ చేయలేదు. అయినా అతని పొలంలోని ఎరువు ఊరి గ్లాసులోకి చేరింది. సున్నపురాతి నేలమీద పొలానికీ మంచినీళ్ల బిందెకీ మధ్య దూరం అంత తక్కువ మరి!