ఎక్స్‌పార్టీ డిక్రీల చాటున భూముల అపహరణ

రైల్వే, తపాలా ఉద్యోగులకు కొలువు ఒక చోట, పిత్రార్జితమైన ఎకరమో రెండెకరాలో మరొక చోట ఉండడం సర్వసాధారణం. ఖరగ్‌పూర్‌లో పనిచేస్తున్న శ్రీకాకుళం బిడ్డకు గాని, రాత్రింబవళ్ళు టపా సంచుల వెంట తిరిగే ఆర్.ఎం.ఎస్. ఉద్యోగికి గాని స్వగ్రామం సెలవులలో చూచివచ్చే ఊరు మాత్రమే. ఈ దూరాన్నే పెట్టుబడిగా చేసుకొని, న్యాయస్థానాన్నే పనిముట్టుగా మార్చుకొని, ఉద్యోగి భూమిని చేజిక్కించుకొనే మార్గం ఒకటి ఉన్నది. దాని పేరు ఎక్స్‌పార్టీ డిక్రీ.

ఈ తంత్రం నడిచే తీరును సభ్యులందరూ గ్రహించవలెను. భూమికి సంబంధించిన దావాను ఆ భూమి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వేయవలెనని సివిల్ ప్రొసీజర్ కోడు 16వ సెక్షను చెబుతున్నది. అది సబబే. అయితే ప్రతివాది చిరునామా వ్రాసి ఇచ్చేది వాదియే. దాయాది గాని, గట్టు పక్క ఆసామి గాని, స్థలాల వ్యాపారి గాని, ఉద్యోగి పనిచేసే స్టేషను పేరు తెలిసి కూడా పాత ఇంటి నంబరు వ్రాస్తాడు. కోర్టు అమీనా వెళ్ళి, ఊరిలో లేడని వ్రాసుకొని వస్తాడు. తరువాత 5వ ఆర్డరు 20వ రూలు క్రింద తలుపుకు నోటీసు అంటించడమో, పత్రికలో ప్రకటన వేయడమో జరుగుతుంది. ప్రతివాది చివరిసారి నివసించినట్లు తెలిసిన ప్రాంతపు పత్రికలో ఆ ప్రకటన వేస్తే చాలు. శ్రీకాకుళం పత్రికలోని నాలుగు పంక్తులు ఖరగ్‌పూర్ క్వార్టరుకు ఎట్లా చేరుతాయి?

వాయిదా నాడు పిలుపుకు పలికేవాడుండడు. 9వ ఆర్డరు 6వ రూలు క్రింద విచారణ ఏకపక్షంగా ముగుస్తుంది. డిక్రీ చేతికి రాగానే రెవెన్యూ రికార్డులో పేరు మార్పించుకొని, భూమిని మూడవ వ్యక్తికి అమ్మివేస్తారు. యజమానికి సంగతి తెలిసేది పొలం చుట్టూ కొత్త కంచె చూచిన నాడే.

న్యాయసూత్రం ఇంత గుడ్డిది కాదు. ప్రతివాది రాకపోయినా వాది తన హక్కును రుజువు చేసుకొనక తప్పదని రమేశ్ చంద్ అర్దావతియా కేసులో 2003లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోసంతో సంపాదించిన తీర్పు చెల్లనేరదని చెంగల్వరాయ నాయుడు కేసులో 1993లోనే ప్రకటించింది. కాని సుప్రీంకోర్టు గడప దాకా ఎక్కగల ట్రాక్‌మన్ ఎవరు? డిక్రీని రద్దు చేయించుకొనడానికి గడువు 30 రోజులు. సమను సక్రమంగా అందనప్పుడు, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి ఆ గడువు లెక్కకు వస్తుంది. ఎప్పుడు తెలిసిందో, ఎందుకు ముందే తెలియలేదో నిరూపించుకొనే భారం మాత్రం భూమి పోయినవాడి నెత్తినే పడుతున్నది.

ఇందులో తపాలా సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. సమను తీసుకొనడానికి ప్రతివాది నిరాకరించాడని బట్వాడా చేసేవారు వ్రాస్తే, అది అందినట్లే కోర్టు ప్రకటించవలెనని 5వ ఆర్డరు 9వ రూలు చెబుతున్నది. 2025లో రిజిస్టర్డు పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనది. ఆ ఒక్క మాట బరువు మాత్రం తగ్గలేదు. ఊరి పెద్ద ఒత్తిడికి లొంగి గాని, మోయలేని బీటు భారం వలన గాని తప్పు మాట వ్రాస్తే, మన వేలితో మన కన్నే పొడిచినట్లు మరొక కార్మికుని నోటి కూడు పోతుంది. ఖాళీలు నింపక, ఒకరిచేత ఇద్దరి పని చేయించే యాజమాన్యం ఈ పాపంలో పాలు పంచుకొనవలసిందే.

ఎక్స్‌పార్టీ డిక్రీలే వద్దంటే మొండి ప్రతివాదులు దావాలను ఏళ్ళ తరబడి సాగదీస్తారని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో నిజమున్నది. అన్నదమ్ములు సమను తప్పించుకొని తిరుగుతుంటే, తన వాటా కోసం కోర్టుకెక్కిన ఆడపడుచు ఎంతకాలం ఎదురుచూడవలెను? కనుక డిక్రీలనే రద్దు చేయమని మేము అడగడం లేదు. దాక్కున్నవాడికీ, అసలు తెలియనివాడికీ తేడా చూడమంటున్నాము.

ఆ తేడా చూడడానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. ప్రభుత్వోద్యోగికి గాని, రైల్వే కంపెనీ ఉద్యోగికి గాని సమనును అతని కార్యాలయాధిపతి ద్వారా పంపవచ్చునని 1908 నాటి కోడులోనే, 5వ ఆర్డరు 27వ రూలులో ఉన్నది. అందిన సమనును బట్వాడా చేయించడం ఆ అధిపతి విధి. పంపవచ్చును అన్న మాట పంపవలెను అని మారనంతకాలం ఆ రూలు పుస్తకంలోనే పడి ఉంటుంది. ప్రత్యేక పరిస్థితులలో కొలువు చేసే సైనికుని పరోక్షంలో అతనిపై వ్యాజ్యం సాగకుండా 1925లోనే చట్టం వచ్చింది. దేశపు రైళ్ళను, టపాను నడిపేవారికి కనీసం సమను అందే హక్కయినా ఉండనక్కరలేదా?

కావున మా డిమాండ్లు ఇవి. భూమి దావాలలో ప్రతివాది ఉద్యోగ వివరాలు తెలిసినంతవరకు వ్రాసినట్లు వాది ప్రమాణ పత్రం ఇవ్వవలెను. ప్రతివాది ఉద్యోగియని తెలిసినచోట 27వ రూలును తప్పనిసరి చేయవలెను. ఆ ప్రయత్నం జరగనిదే పత్రికా ప్రకటనకు అనుమతించరాదు. సమను అందిన ఉద్యోగికి వాయిదా నాడు సెలవు నిరాకరించరాదు.

డిమాండ్లు నెరవేరేవరకు చేతులు ముడుచుకొని కూర్చొనరాదు. ప్రతి బ్రాంచిలోనూ ఒక బాధ్యుని నియమించి, సభ్యుల భూముల రికార్డులను ఏడాదికొకసారైనా తనిఖీ చేయించవలెను. డిక్రీ సంగతి చెవిన పడిన రోజునే తారీఖు వ్రాసి పెట్టుకొని, 30 రోజులలోగా 9వ ఆర్డరు 13వ రూలు క్రింద పిటిషను దాఖలు చేయించవలెను. వేతనం కోసం సమష్టిగా పోరాడిన మనం, ఆ వేతనంతో నిలుపుకొన్న భూమిని ఒంటరిగా పోగొట్టుకొనరాదు.