లేసరు చికిత్స – మన విద్యార్థుల బాధ్యత

లేసరు అను మాట నేడు మన యరమరస్‌లోను వినవచ్చుచున్నది. కొందరు దానిని మహిమగా నమ్ముదురు; కొందరు ఒడలు కాల్చునని భయపడుదురు. రెండును తెలియమివలన గలుగునవే. ఈ తెలియమిని పోగొట్టవలసినవారు మన విద్యార్థులేయని మా అభిప్రాయము.

మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ గారు 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బొగ్గుపులుసు వాయువుతో, అనగా కార్బన్ డయాక్సైడుతో, పరారుణ లేసరును నిర్మించిరి. దాని తరంగదైర్ఘ్యము 10.6 మైక్రోమీటర్లు, కంటికి కానరాదు. మన కండలో అధికభాగము నీరే. ఆ నీరు ఈ కిరణమును పైపొరలోనే పీల్చుకొనును. కావున కిరణము సోకినంతమేర కణజాలము ఆవిరియగును. వేడి లోతునకు అంతగా పోదు. సన్నని రక్తనాళములు మూసుకొనును. స్వరపేటిక వంటి సుకుమారమైన చోట్ల వైద్యులు దీనిని 1970 దశకమునుండి వాడుచున్నారు.

అయితే ఒక చిక్కు కలదు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గారు 1954లో, హాప్కిన్స్ గారితో కూడి, గాజుపోగుల కట్టద్వారా బొమ్మను పంపవచ్చునని లండనులో నిరూపించిరి. కాని మామూలు గాజు 10.6 మైక్రోమీటర్ల కిరణమును సాగనీయదు, తానే మ్రింగివేయును. అందుచే చిరకాలము అద్దములు బిగించిన కీళ్లచేతులతో కిరణమును త్రిప్పవలసివచ్చెను. 2002లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు, నడుమ బోలుగానుండి లోగోడలే అద్దమువలె పనిచేయు పోగును ప్రకటించిరి. వంగు పోగు దొరకుటతో కిరణమునకు శరీరములోని ఇరుకుచోట్లకు దారి ఏర్పడెను.

లేసరులన్నియు ఒకటి కావు. మూత్రపిండములలోని రాళ్లను పగులగొట్టు హోల్మియం లేసరు ఘనస్ఫటికమునుండి పుట్టును, గాజుపోగులోనే సాగును. అపాయములును లేకపోలేదు. శ్వాసమార్గమున ప్రాణవాయువు నిండియున్నపుడు మంట అంటుకొనవచ్చును. కన్నులకు రక్షణ కావలెను. పెద్ద రక్తనాళము తెగినచో ఈ కిరణము దానిని మూయజాలదు.

తల్లిదండ్రులారా! లేసరను పేరు విని మురియకుడు, జంకకుడు. ఏ లేసరు, ఏ అవయవమునకు, కత్తికంటె దానివలన మేలేమి, కీడేమి అని వైద్యుని అడుగుడు. ఆ జవాబు ఇంగ్లీషు పదములతో రావచ్చును. అప్పుడు దానిని ఇంటి మాటలో విప్పి చెప్పగలవాడు, వెలుగు పాఠమును తెలుగున చదువుకొన్న మన బిడ్డయే. కన్నడమును, ఇంగ్లీషును చక్కగా నేర్వవలసినదే. కాని అవ్వకు ఆసుపత్రిలో ధైర్యము చెప్పుటకు తెలుగున నేర్చిన శాస్త్రమే అక్కరకు వచ్చును. విద్యార్థులారా, ఆ పాఠమును పరీక్షకొరకు మాత్రమే చదువకుడు.