ఊడ్చే పని ఎవరి పని?

"ఎల్.ఎల్.ఎం.లో కార్మిక చట్టాలే ఎందుకే? భూమి కేసులైతే నాలుగు రాళ్ళొస్తాయి కదా" అంటోంది మా అమ్మ.

కారణం గాజువాక నుంచి వచ్చిన ఒకావిడ. ఒక ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు ఊడ్చింది. నలుగురు కాంట్రాక్టర్లు మారారు, ఆమె చీపురు మారలేదు. పని మానిపించాక నా దగ్గరికొస్తే, "అక్కడ పనిచేసినట్టు కాగితముందా?" అని నేనే అడిగాను. కాగితం ఇవ్వాల్సింది ఆమెనా?

ఊడ్చే పనిలో కాంట్రాక్టు పద్ధతి రద్దయితే ఆ కార్మికుల్ని అసలు యజమానే ఉద్యోగులుగా తీసుకోవాలని 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఆ తీర్పును తనే కొట్టేసింది. కాంట్రాక్టు బూటకమని ఇప్పుడు కార్మికులే రుజువు చేసుకోవాలి. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వృత్తి భద్రత కోడ్ నియామక పత్రం ఇవ్వాలంటుంది. మంచిదే. కానీ ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టు కూడదంటూనే, ఫ్యాక్టరీలో ఊడ్చే పని ప్రధానం కాదని పక్కన పెట్టింది.

ఇంట్లో మన చాకిరీని లెక్కలోకి రానివ్వని చూపే చట్టంలోకీ ఎక్కింది. దాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్చుకోవడానికే ఈ చదువు. ఈలోగా మీ దగ్గరికొచ్చే ఆడవాళ్ళ గేటు పాసులు, హాజరు కార్డులు, జీతం చీటీలు దాచిపెట్టించండి. రేపు కోర్టులో మాట్లాడేవి అవే.