పట్టిక పోయినంత మాత్రాన...

సంపదను కూడబెట్టుట ఒక ఎత్తు, దాని లెక్కను భద్రపరచుట మరొక ఎత్తు. మన బోయిగూడలో టింబరు డిపోల మీదుగా కళాశాలకు వచ్చు విద్యార్థులకు ఈ మాట విడమర్చి చెప్పనవసరము లేదు. డిపో నిండ కలప ఉన్నది, స్టాకు రిజిస్టరు మాత్రము పోయినదనుకొందము. దుంగ ఒక్కటైనను తగ్గలేదు. అయినను ఏది ఎవరి సరుకో, ఏది ఎవరికి పోవలెనో చెప్పగలవారుండరు.

కంప్యూటరునందును ఇట్టి ఆపద కలదు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అను స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టము నేడు ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. హైదరాబాదుకు చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థ తన తెలుగు ఆపరేటింగ్ సిస్టమును దాని పునాదిపైననే రూపొందించినది. ఇందు ప్రతి సాఫ్ట్‌వేరు ఒక ప్యాకేజీగా వచ్చును. ఏ ప్యాకేజీ ఉన్నది, దాని వెర్షను ఏది, అది వేటిపై ఆధారపడినది అను వివరములను ‘డీపీకేజీ’ అను ప్రోగ్రాము ‘స్టేటస్’ అను ఫైలులో వ్రాసి ఉంచును. చోటు ఖాళీ చేయబోయి, రూట్ అధికారముతో ఇచ్చిన ఒక్క పొరపాటు కమాండు చాలును, ఆ డైరెక్టరీ మాయమగుటకు. పిదప ప్రోగ్రాములన్నియు యథాప్రకారము నడుచుచునే ఉండును. కాని డీపీకేజీ లెక్కలో అక్కడ ఏదియు లేదు. క్రొత్తవి సవ్యముగా చేరవు, పాతవి తొలగవు, భద్రతా సవరణలు అందవు.

ఇట్టి సమయమున ‘అంతయు తుడిచి మొదటినుండి వేయుడు’ అను సలహా వెంటనే వినవచ్చును. అది త్వరగా తెమలు మార్గమే, కాదనము. దాచుకొన్నదేదియు లేని యంత్రమునకు అదియే మేలు కావచ్చును. కాని పలువురు విద్యార్థులు పంచుకొను ప్రయోగశాల యంత్రము సంగతి వేరు. ఇంట కంప్యూటరు లేని విద్యార్థి తన ప్రాజెక్టునంతయు అందే ఉంచుకొనును. రిజిస్టరు పోయినదని డిపోలోని కలపనంతయు వీధిన పడవేయుదుమా?

మొదట చేయవలసినది, తొందరపడి ఏమియు చేయకుండుట. మిగిలినదానిని వేరొక డిస్కునకు నకలు తీయవలెను. స్టేటస్ ఫైలు ఒక్కటియే పోయినచో, ప్రక్కనే ‘స్టేటస్-ఓల్డ్’ అను వెనుకటి ప్రతి ఉండును. డైరెక్టరీ అంతయు పోయినచో, ‘వార్’లోని ‘బ్యాకప్స్’ అను చోట సిస్టము తనంతట తాను దాచిన ప్రతులుండును. వానితో పట్టిక తిరిగి వచ్చును. ఏ ఫైలు ఏ ప్యాకేజీదో తెలుపు జాబితాలు అందుండవు గనుక ఆ ప్యాకేజీలను మరల దింపుకొని అమర్చవలెను. ఆ ప్రతులును లేనిచో? డెబియన్ నియమము ననుసరించి ప్రతి ప్యాకేజీయు తన కాపీరైటు పత్రమును ‘యూఎస్ఆర్’, ‘షేర్’, ‘డాక్’ అను డైరెక్టరీల వరుసలో తన పేరిట ఉంచవలెను. ఆ పేర్లను వ్రాసికొన్నచో తాత్కాలికమైన పట్టిక సిద్ధమగును. ఏనాడు ఏది చేరినదో డీపీకేజీ దినచర్య ఫైలు కొంతవరకు చెప్పును.

క్రీ.శ. 987-88 ప్రాంతమున బాగ్దాదులో ఇబ్న్ అల్-నదీమ్ ‘అల్-ఫిహ్రిస్త్’ అను గ్రంథపట్టికను కూర్చెను. ఉర్దూలో నేటికిని పట్టికను మనము ఫిహ్రిస్త్ అనియే అందుము. ఆయన పేర్కొన్న గ్రంథములు అనేకము నశించినవి, పట్టిక నిలిచినది. ఆ గ్రంథములను పేర్ల నుండి మరల సృష్టించుట ఎవరి తరము కాదు. మన ఆపద దీనికి విలోమము. ఇచట పట్టిక నశించినది, వస్తువులు నిలిచినవి. నిలిచిన వస్తువు తన పేరు తాను చెప్పగలదు. కనుక నిరాశకు తావు లేదు, ఓర్పు మాత్రము కావలెను.

విద్యార్థి మిత్రులారా! తుడిచివేయుట గంటలో నేర్వదగిన పని. సరిచేయుట నేర్చినవాడే యంత్రమును ఎరిగినవాడగును. కళాశాలల పెద్దలకును మా మనవి మూడు మాటలే. రూట్ అధికారము అందరికీ ఈయవలదు. ప్యాకేజీల పట్టికకును, విద్యార్థుల పనికిని వారమునకొక ప్రతి వేరొక యంత్రమున ఉంచవలెను. ఏడాదికొకసారియైనను, పనికిరాని ఒక కంప్యూటరుపై ఆ పట్టికను కావలెనని పోగొట్టి, విద్యార్థుల చేతనే తిరిగి రప్పించవలెను. ఆపద రాకముందు చేసిన అభ్యాసమే ఆపదలో ధైర్యమును ఇచ్చునని మా విశ్వాసము.