బీరువా మీది గిటారు



పోయిన నెల మేము హైదరాబాద్ వెళ్లాము. విజయవాడ రోడ్డు బస్సులు ఎల్బీ నగర్‌లో ఆగుతాయి గనుక మన వైపు నుండి బ్రతుకుదెరువుకు వెళ్లినవాళ్లు చాలామంది ఆ దగ్గరలోనే ఇళ్లు తీసుకుంటారు. మన సంఘపు కుటుంబం ఒకటి మన్సూరాబాద్‌లో అద్దెకుంటోంది. ఆ సాయంత్రం వాళ్లింట్లో ప్రార్థన పెట్టుకున్నాము. ఆ ఇంటి అబ్బాయి మన మందిరంలోని పాత గిటారు మీద నేర్చుకున్నవాడు. "గిటారు తియ్యి నాన్నా, పాట మొదలుపెడదాం" అన్నాము.

వాళ్లమ్మ బీరువా పైకి చూసి, "మొదటి జీతంతోని కొనుక్కున్నడు అయ్యగారూ. గీత పడుతదని సంచిలకెళ్లి తియ్యనే తియ్యడు" అంది. అందరం చప్పట్లతోనే పాడుకున్నాము.

తిరిగి వస్తూ బస్సులో దీని గురించే ఆలోచించాము. ఆ అబ్బాయిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. నాలుగేళ్ల క్రితం ఒక విశ్వాసి మందిరానికి కొత్త గిటారు ఇచ్చినప్పుడు మేము చేసిందీ అదే. బీరువాలో పెట్టి తాళం వేశాము. క్రిస్మస్‌కు, ఈస్టరుకు మాత్రమే బయటకు తీసేవాళ్లము. ఒక చిన్నవాడు నేర్చుకుంటానని మూడుసార్లు అడిగాడు. "పాడు చేస్తావు, పెద్దయ్యాక చూద్దాం" అన్నాము. నాలుగోసారి అతను అడగలేదు. ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఆదివారం వెనుక వరుసలో కూర్చుంటాడు, గిటారు వైపు చూడనైనా చూడడు.

పోనీ, గిటారైనా బాగుందా? మొన్న క్రిస్మస్‌కు తీస్తే తీగలు తుప్పు పట్టి ఉన్నాయి, మెడ వంగింది, తీగలు కట్టే బ్రిడ్జి లేచింది. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో చెక్కను లాగుతుంటాయి. మనం వాయించినా వాయించకపోయినా ఆ లాగుడు ఆగదు. మే నెల ఎండకు చెక్క ఎండుతుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. రోజూ పట్టుకునే చెయ్యి అయితే ఆ మార్పును ముందే కనిపెడుతుంది. తాళం వేసిన బీరువాకు ఏమి తెలుస్తుంది?

లోకంలో రెండు వాద్యాల సంగతి చూడండి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం ఉంది. స్ట్రాడివేరి 1716లో చేసిన వయొలిన్ ఒకటి అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. దాని పేరు 'మెస్సయ్య'. మూడు వందల ఏళ్లు దాటినా కొత్తదానిలా మెరుస్తుంది, ఎందుకంటే దాన్ని వాయించింది చాలా తక్కువ. రెండవది అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ గిటారు. వేళ్లతో మీటడానికి చేసిన దాన్ని ఆయన ప్లెక్ట్రమ్‌తో వాయించీ వాయించీ, చెక్క అరిగి పెద్ద రంధ్రమే పడింది. అయినా దాన్ని మేస్త్రీకి చూపించి బాగుచేయించుకుంటూ, దానితోనే పాడుతూ వచ్చాడు.

అద్దాల పెట్టె కూడా అవసరమే, కాదనము. పాత మేస్త్రీల పనితనాన్ని వయొలిన్లు చేసేవాళ్లు దాన్ని చూసే నేర్చుకుంటారు. అలాంటిది లోకానికి ఒకటి చాలు. మన దగ్గరున్న గిటార్లు మ్యూజియం కోసం కొన్నవి కావు.

సామెతల గ్రంథం 14వ అధ్యాయం 4వ వచనం చదవండి. మనం వ్యవసాయం చేసేవాళ్లం గనుక మనకు వెంటనే అర్థమవుతుంది. ఎడ్లున్న ఇంట్లో పేడ ఎత్తక తప్పదు. కొట్టం శుభ్రంగా ఉండాలని ఎడ్లు లేకుండా చేసుకుంటే గాదె ఖాళీగా ఉంటుంది. గిటారు మీది గీతలు కూడా పని జరిగిన కొట్టంలోని పేడ లాంటివే.

అయితే యౌవనస్థులకు ఒక మాట. గట్టిగా వాయించమంటే మొరటుగా వాయించమని కాదు. తీగలు తెగేలా బాదితే ఆరాధన పెరగదు, తీగల ఖర్చు పెరుగుతుంది. వాయించాక పొడి గుడ్డతో చెమట తుడవండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఊరికి వెళ్తే తీగలు కొంచెం వదులు చెయ్యండి. అరిగిన ఫ్రెట్లను మార్పించవచ్చు, పడిన గీతతో స్వరం మారదు. జాగ్రత్త వేరు, భయం వేరు. జాగ్రత్త ఉన్నవాడు వాయించి తుడుస్తాడు, భయం ఉన్నవాడు సంచి విప్పడు.

ఆ రాత్రి మేము బయలుదేరేటప్పుడు ఆ అబ్బాయి ఎందుకో గిటారు దించాడు. శ్రుతి చేసి నాలుగు తీగలు నొక్కి, చెయ్యి విదిలించుకున్నాడు. "వేళ్లు నొస్తున్నయ్ అయ్యగారూ, మెత్తబడ్డయ్" అన్నాడు. గిటారు మీద ఒక్క గీతా లేదు. మన మందిరంలో ఏళ్ల తరబడి వాయించి గట్టిపడిన వేళ్లు మాత్రం మళ్లీ పసిపిల్లవాని వేళ్లలా అయ్యాయి. కొత్తదనం కాపాడుకోవడానికి అతను ఇచ్చిన వెల అది.

మందిరపు గిటారు బాగుచేయించాము, కొత్త తీగలు వేయించాము. వచ్చే ఆదివారం నుండి ఆరాధన ముగిశాక అది బల్ల మీదనే ఉంటుంది. ఏ పిల్లవాడైనా, ఏ ఆడపిల్లైనా తీసుకోవచ్చు. గీత పడితే ఎవరూ కోప్పడవద్దు. వెనుక వరుసలో కూర్చునే ఆ తమ్మునికి మేమే వెళ్లి క్షమాపణ చెప్పి, మొదట అతని చేతికే ఇస్తాము. తీసుకుంటాడో లేదో తెలియదు, ప్రార్థన చేయండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.